సువార్త: సలహా కాదు, వార్త

(శతవార్షికోత్సవముల సందర్భమున గుడుపల్లెలో జరిగిన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో మాట్లాడవలసిన వారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క అంశమును ఇచ్చారు. ఒకరికి సంఘ చరిత్ర వచ్చినది, ఒకరికి విద్యాసేవ, మరియొకరికి వైద్యసేవ. మాకు వచ్చినది "సువార్త అనగా నేమి? దానిని మనిషి మనిషికి ఎట్లు అందించవలెను?" అను అంశము. వినుటకు ఇది అన్నిటికంటె సులభముగా తోచును. పుట్టినది మొదలు వింటున్న మాట గదా, ఇందులో కొత్తగా చెప్పుట కేమున్నదని మీరు అనుకోవచ్చును. మేమును మొదట అట్లే అనుకొన్నాము. కాగితము ముందు పెట్టుకొని కూర్చున్న తరువాతనే కష్టము తెలిసినది. ఎందుకనగా ఈ అంశము మీద మాట్లాడువాడు తన జీవితమును దాచుకొని మాట్లాడలేడు. కనుక మేము ఎక్కడ తప్పిపోయామో అదియు ఈ ప్రసంగములో మీ ముందు ఉంచుతాము.

మాట యొక్క అర్థము

సువార్త అనగా మంచి వార్త. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో దీనికి 'యువాంగెలియోన్' అను మాటను వాడారు. ఇది సంఘము కనిపెట్టిన మాట కాదు. అప్పటి లోకములో యుద్ధము గెలిచిన కబురును, కొత్త చక్రవర్తి సింహాసనమెక్కిన కబురును ఈ మాటతోనే చెప్పేవారు. ఆసియా మైనరులోని ప్రియేనె పట్టణములో దొరికిన క్రీ.పూ. 9వ సంవత్సరపు శాసనములో ఔగుస్తు చక్రవర్తి పుట్టినదినము లోకమునకు శుభవార్తల ఆరంభమని ఇదే మాటతో చెక్కియున్నది. అట్టి రోజులలో, చక్రవర్తి పేరు కాక సిలువ వేయబడిన ఒక యూదుని పేరు చెప్పి, శుభవార్త ఇదియేనని శిష్యులు బజారులో ప్రకటించారు. ఆ మాటకు ఎంత ధైర్యము కావలసియుండెనో ఆలోచించండి.

ఇందులో మనము గమనించవలసినది ఒకటి ఉన్నది. వార్త వేరు, సలహా వేరు. మన సీమ మనుషులకు ఈ తేడా చెప్పుటకు పుస్తకములు అక్కరలేదు. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము తప్ప నీళ్ళు రాని చేలు ఈ కుప్పం ప్రాంతములో ఎన్ని లేవు? అట్టి రైతు దగ్గరకు ఒకడు వచ్చి, "నీళ్ళు పొదుపుగా వాడుకో, డ్రిప్పు పెట్టుకో, తక్కువ నీటి పంట వేసుకో" అని చెప్పితే అది సలహా. మంచి సలహాయే, కాదనము. అయితే ఎండిన బావి గట్టున నిలబడి విన్నవానికి అది ఇంకొక బరువు. 2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలువ వెంట కృష్ణా నీళ్ళు మన కుప్పం వైపు చెరువులకు చేరినప్పుడు ఏమి జరిగినది? "నీళ్ళొచ్చినాయి!" అన్నారు. అది వార్త. ఎక్కడో శ్రీశైలము దగ్గర బయలుదేరిన నీరు, మన చేతులతో తవ్వని కాలువలో, మనము తిప్పని మోటార్ల వలన మన గడప దగ్గరకు వచ్చినది. రైతు చేయవలసినది మొదట చూచుటయే. పిమ్మట మడవ తెరచి నీటిని తన చేనికి పెట్టుకొనుట. పని తరువాత చాలా ఉన్నది. కాని పనికి ముందు వార్త ఉన్నది.

సువార్తయు ఇట్టిదే. "మంచిగా ఉండు, త్రాగవద్దు, అబద్ధమాడవద్దు, గుడికి రా" అని చెప్పుట సువార్త కాదు. అవి సువార్త విన్నవాని ఇంట పండవలసిన పంటలు. సువార్త అనగా దేవుడు చేసిన పనిని గూర్చిన కబురు. పౌలు మహాశయుడు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయములో తాను ఏది పొందెనో, ఏది అప్పగించెనో కొద్ది మాటలలో చెప్పియున్నాడు: క్రీస్తు మన పాపముల నిమిత్తము మరణించుట, సమాధి చేయబడుట, మూడవ దినమున లేచుట, అనేకులకు కనబడుట. ఆ పట్టికలో మనము చేయవలసిన పని ఒక్కటియు లేదు. అంతయు ఆయన చేసినదే.

ఆ వార్తలో ఏమున్నది?

దీనిని మూడు మాటలుగా జ్ఞాపకముంచుకొందము.

మొదటిది, దేవుడు దూరముగా నుండలేదు. మనిషి దేవుని వెదకుట అన్ని దేశములలోను ఉన్నది. మన దేశములో మరి ఎక్కువగా ఉన్నది. కాలినడకన కొండలెక్కినవారు, ఉపవాసములున్నవారు, సర్వమును విడిచినవారు ఎందరో. ఆ వెదకులాటను మనము ఎన్నడును తక్కువ చేయరాదు. సువార్త చెప్పునది ఏమనగా, వెదకువానికంటె ముందు దేవుడే వెదకుచు బయలుదేరెననియే. లూకా సువార్త 15వ అధ్యాయములో తప్పిపోయిన గొఱ్ఱె కాపరి దారిని వెదకుకొనలేదు, కాపరియే ముండ్లలోనికి వెళ్లెను. మన ఊళ్ళలో గొఱ్ఱెలు కాయువారికి ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు.

రెండవది, పాపమునకును మరణమునకును ఆయన తన శరీరములో జవాబు చెప్పెను. అప్పు తీర్చలేని వానికి "అప్పు చేయరాదు" అను నీతి పనికిరాదు. ఎవరో వచ్చి పత్రమును చింపివేయవలెను. సిలువ అట్టిది. దాని లోతును మేము పూర్తిగా వివరించలేము. కాలేజీలో చదివిన రోజులలో సిలువను గూర్చి పండితులు చెప్పిన సిద్ధాంతములన్నియు వరుసగా నేర్చుకొని పరీక్షలు వ్రాశాము. అన్నిటిలోను కొంత సత్యమున్నది. ఏ ఒక్కటియు దానిని ముగించలేదు. ఆయన మన చోట నిలిచెను, మన చావులోనికి దిగెను, దానిని దాటి లేచెను అన్నదే మూలము.

మూడవది, ఈ వార్తకు జవాబు కావలెను. నీళ్ళు వచ్చినవని విని మడవ తెరవని వాని చేను ఎండియే యుండును. మారుమనస్సు, విశ్వాసము అని మనము పిలుచునది ఆ మడవ తెరచుటయే. దానిని ఎవరి చేనికి వారే తెరవవలెను. తండ్రి తెరచినంత మాత్రమున కొడుకు చేను తడవదు. నూరేండ్ల సంఘమునకు ఇది ముఖ్యముగా చెప్పవలసిన మాట. మన తాతలు తెరచిన మడవలను గూర్చి మనము సావనీర్లు అచ్చు వేయుచున్నాము. మన మడవ సంగతి ఏమి?

ఇక సువార్త కానిదియు కొంత చెప్పవలెను. అది తెల్లవారి మతము కాదు. యేసు ఆసియా ఖండములో పుట్టినవాడు. అది ఒక కులపు ఆస్తి కాదు. అది జబ్బులు పోవుననియు, వీసాలు వచ్చుననియు, అప్పులు తీరుననియు చెప్పు హామీ పత్రము కాదు. ప్రార్థించెదము, దేవుడు స్వస్థపరచును గూడ. అయితే స్వస్థత కలుగని ఇంటిలోను, దీపము ఆరిన ఇంటిలోను నిలబడి చెప్పలేని మాట సువార్త కాదు.

దీనిని మోసినవారెవరు?

ఈ కబురు ఎవరి వలన వ్యాపించినది? పెద్ద ప్రసంగీకుల వలననని మనము తలంచుచుందుము. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయమును శ్రద్ధగా చదవండి. యెరూషలేములో హింస కలిగినప్పుడు అపొస్తలులు అక్కడనే నిలిచిరి, మిగిలిన విశ్వాసులు చెదరిపోయిరి. చెదరినవారే వెళ్ళిన చోటనెల్ల చెప్పుచు పోయిరి. అనగా అయ్యగార్లు ఊరిలోనే ఉన్నారు, సువార్తను మోసినది సంఘస్థులు! అంద్రెయ తన సహోదరుని తీసికొనివచ్చెను. ఫిలిప్పు నతనయేలుతో వాదము పెట్టుకొనక, వచ్చి చూడుమనెను. సమరయ స్త్రీ కుండను బావి దగ్గర విడిచి ఊరిలోనికి పరుగెత్తెను. ఆమెకు శిక్షణ ఎవరిచ్చిరి? ఒక్క మధ్యాహ్నపు సంభాషణయే ఆమె చదువు.

మన తెలుగుదేశములోను ఇట్లే జరిగినది. ఒంగోలు ప్రాంతపు కనిగిరి వైపున తాళ్ళకొండపాడు అను ఊరిలో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సోదరుడు ఉండెను. తోళ్ళ వ్యాపారము చేయుచు దూరపు ఊళ్ళు తిరుగువాడు. ఏలూరు వైపు వెళ్ళినప్పుడు ఆయన యేసును గూర్చి విన్నాడు. తోళ్ళతోబాటు ఆ కబురును ఇంటికి తెచ్చి, మొదట తన భార్య నాగమ్మకు, పిమ్మట బంధువులకు చెప్పినాడు. అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురము పెట్టి, 1867 జనవరిలో తాళ్ళకొండపాడు వెళ్లగా, అక్కడ 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా ఉండిరి. దొరగారు వెళ్లి పంట కోసిరి గాని విత్తినది పేరయ్య. గుమాస్తా కాదు, పట్టభద్రుడు కాదు, జీతమెరుగడు. వ్యాపారమునకు నడచిన దారులలోనే సువార్తను నడిపించినాడు.

మన సీమకు వచ్చెదము. 1853లో స్కడ్డర్ సోదరులు ఆరంభించిన ఆర్కాటు మిషను తమిళ నేలపై పని చేయుచుండగా, తెలుగువారి మధ్యకు డాక్టర్ జేకబ్ చేంబర్లేను గారు 1863లో మదనపల్లెకు వచ్చారు. ఆయన వైద్యుడు. మందు కొరకు వచ్చినవారికి ముందుగా వాక్యము చదివి వినిపించి, పిమ్మట ఒక్కొక్కరి నాడి పట్టి చూచేవారు. తెలుగు బైబిలు సవరణలో ప్రముఖముగా పాలుపొందారు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. తరువాతి తరములో మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రియు, అనేక మిషనులు కలిసి స్థాపించిన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమును ఈ నేలపై వెలిసినవి. క్షయకు సరియైన మందు లేని కాలమున, సొంతవారే దూరము పెట్టిన రోగి ప్రక్కన కూర్చొనుట ఎట్టి ప్రసంగమో చెప్పనవసరము లేదు.

వీరి పేర్లు పుస్తకములలో ఉన్నవి. పేర్లు లేనివారు ఎందరో! బైబిలు పట్టుకొని ఎండలో పల్లె పల్లె నడచిన బైబిలు స్త్రీలు, ఒక గది బడిలో పగలు అక్షరములు, రాత్రి కీర్తనలు నేర్పిన ఉపదేశకులు, అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రక్కకు తీసి దేవుని పనికి ఇచ్చిన తల్లులు. ఈ నూరేండ్లు వారివి. దోర్నకల్ అధ్యక్షులుగా 1912లో అభిషేకము పొందిన అజరయ్య గారు, బాప్తిస్మము పొందిన ప్రతివానిచేత తలపై చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటింపకపోయినయెడల తనకు శ్రమ అని పలికించేవారు. పౌలు తన్ను గూర్చి చెప్పుకొన్న మాటను ఆయన కూలివానికి కూడ ఇచ్చినారు. సాక్ష్యమిచ్చుట అయ్యగారి ఉద్యోగము కాదు, బాప్తిస్మములోనే ఉన్న బాధ్యత అని దాని భావము.

మేము తప్పిపోయిన చోటు

ఇప్పుడు మేము చెప్పెదమన్న సంగతి. ఈ ప్రాంతమునకు సేవకు వచ్చిన తొలి సంవత్సరములలో రైలు స్టేషను దారిలో ఒక టీ అంగడి ఉండెను. దాని యజమాని మాకంటె పెద్దవాడు. మేము 'అన్నా' అని పిలిచేవారము. ఉదయము బెంగుళూరు వైపు పనికి పోవువారితో అంగడి కిక్కిరిసి యుండేది. ఆ సందడిలోను మమ్మును చూచి, అడుగకుండగనే చక్కెర తక్కువ వేసి టీ కలిపి ఇచ్చేవాడు. మా పిల్లల చదువుల సంగతి అతనికి తెలుసు. అతని కొడుకు బెంగుళూరులో ఏ పనిలో ఉన్నాడో మాకు తెలుసు. ఇట్లు ఆరు సంవత్సరములు గడచినవి.

ఆ ఆరేండ్లలో మేము సువార్త పని చేయలేదా? చేశాము. మైకు సెట్లు అద్దెకు తెచ్చాము. దీపాల తోరణములు కట్టించాము. దూరము నుండి ప్రసంగీకులను పిలిపించాము. కరపత్రములు పంచాము. మా మైకు శబ్దము అతని అంగడి వరకు వినబడేది. నివేదికలలో కూటముల సంఖ్య చక్కగా వ్రాసి పంపించాము.

ఒక వేసవిలో అతని భార్య కాలము చేసినది. మేమును మా ఇంటివారును వెళ్లి కూర్చొని వచ్చాము. కొన్ని దినములైన తరువాత, ఒక సాయంకాలము అంగడి కట్టివేయు వేళ, గ్లాసులు కడుగుచు అతడు అన్నాడు:

"అయ్యా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవాకండి. మీ వాళ్ళు ఎవురన్నా చచ్చిపోతే మీరు పాటలు పాడతా ఎత్తుకపోతారే. మీకు ఏదో ధైర్యం ఉండాది. అదేందో నాకెప్పుడూ చెప్పలేదే మీరు?"

మేము తడబడి, "మైకులో చెప్తూనే ఉన్నాము గదన్నా" అన్నాము.

అతడు తలయెత్తి చూచి, "మైకులో ఊరికి చెప్పినారయ్యా. నాకు చెప్పలేదు గదా" అన్నాడు.

ప్రియులారా, మేము అనేక పరీక్షలు వ్రాశాము గాని అట్టి ప్రశ్న ఎన్నడును రాలేదు. ఆ సాయంకాలము కాలేజీలో నేర్చిన సిద్ధాంతములు ఒక్కటియు నోటికి రాలేదు. ఆ బల్ల మీద కూర్చొని, మా తండ్రి మరణించిన రాత్రి సంగతి చెప్పాము. మా అమ్మ ఏడ్చుచునే, యేసు ప్రభువు కూడ ఈ గుంటలోనికి దిగి లేచి వచ్చెనని మాకు చెప్పిన సంగతి, ఆ మాటను పట్టుకొని మేము ఇంతవరకు బ్రతికిన సంగతి చెప్పాము. అప్పుడప్పుడు అనుమానములు కూడ కలిగినవని దాచక చెప్పాము. అతడు మధ్యలో మాట్లాడలేదు. చివరకు ఒక్క మాట అన్నాడు: "ఇది ముందే చెప్పింటే ఆమె కూడా వినేది గదయ్యా."

ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయినది. ఇప్పటికిని లేదు. దేవుని కనికరము మా నిర్లక్ష్యముకంటె గొప్పదని నమ్ముచున్నాము. ఆ తల్లిని ఆయన చేతిలో విడిచియున్నాము. అయినను నిద్రపట్టని రాత్రులలో ఆ మాట వినబడుచునే యుండును.

అతడు ఇప్పటి వరకు బాప్తిస్మము తీసికొనలేదు. దీనిని విజయగాథగా మీకు చెప్పుట లేదు. అప్పుడప్పుడు వచ్చి కూర్చొనును, ప్రశ్నలు వేయును, ప్రార్థించమనును. మేము ఇప్పటికిని స్నేహితులమే. అతడు మాకు నేర్పినది ఏమనగా, ఊరందరికి చెప్పుట చాలా సార్లు ఎవరికిని చెప్పకుండుటకు ఒక సాకు కావచ్చును.

ఎట్లు పంచుకొనవలెను?

అప్పటినుండి మేము నేర్చుకొనుచున్న కొన్ని సంగతులు చెప్పెదము.

మొదట వినవలెను. మనము చెప్పుటకు తొందరపడుదుము. యేసు బావి దగ్గర మొదట నీళ్ళు అడిగెను. ఎమ్మాయు దారిలో వెళ్ళువారిని ఏమి మాట్లాడుకొనుచున్నారని అడిగి, వారి దుఃఖమంతయు విని, పిమ్మట లేఖనములు విప్పెను. పొరుగువాని ఇంట ఏమి జరుగుచున్నదో తెలియక ఇచ్చు కరపత్రము గాలికి పోవును.

రెండవది, పొరుగువాని భాషలో చెప్పవలెను. మన గుడుపల్లె మూడు రాష్ట్రముల కూడలి. ఒక్క వీధిలోనే తెలుగు, తమిళము, కన్నడము వినవచ్చును. భాషల సంగతి మనకెవరును నేర్పనక్కరలేదు. రవీంద్రనాథ్ టాగూరు 1919లో మదనపల్లెలో బస చేసినప్పుడు తమ జనగణమన గీతమును ఆంగ్లములోనికి మార్చారు. ఎదుటివారికి అర్థము కావలెనను ప్రేమ లేనిదే అనువాదము లేదు. మనము మాత్రము విమోచన, నీతిమత్వము, పరిశుద్ధీకరణ అను మాటలను గుడిలో పలికినట్లే పట్టు పురుగుల షెడ్డులోను పలుకుదుము. అవి గొప్ప మాటలే. కాని మల్బరీ ఆకు కోయు అక్కకు "తీరని బాకీని ఆయన తీర్చినాడక్కా" అంటే తెలియును. చెప్పలేని మాట మనకే సరిగా అర్థము కాలేదని గ్రహించవలెను.

మూడవది, ఎవరి దేవతలను, ఎవరి ఆచారములను నిందింపరాదు. ఒకప్పుడు మా యువకుడొకడు ఉత్సాహము కొద్దీ పొరుగువారి పూజను ఎగతాళి చేసి మాట్లాడినాడు. ఆ ఇంటి తలుపు మాకు ఎన్నో ఏండ్లు తెరచుకొనలేదు. మేమే వెళ్లి క్షమాపణ చెప్పవలసివచ్చినది. పౌలు ఏథెన్సులో వారి బలిపీఠమును పగులగొట్టలేదు, దానిమీది వ్రాతతోనే మాట మొదలుపెట్టెను. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టువాడు, వాని పాత కంచమును ఎందుకు తిట్టవలెను? అట్లే ఇతరుల ఆరాధన స్థలములలో మన ప్రచారము తగదు. 2007లో మన రాష్ట్రములో దీనిని గూర్చి చట్టమే వచ్చినది. మనకు చట్టముకంటె ముందే మర్యాద తెలిసియుండవలెను.

నాలుగవది, ఎర వేయరాదు, భయపెట్టరాదు. 1876–78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగమును తవ్వించు పని తీసికొని వేలమందికి కూలి కల్పించారు. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కొరకు వచ్చినారను మాట రాకూడదని, కరవు తీరి కూలి డబ్బు ఆగిపోవు వరకు ఏడాదికి పైగా ఆపియుంచారు. అప్పుడును వారు తిరిగి వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆశ చూపక నిలిచినవానికి దేవుడిచ్చిన పంట అది.

ఈ సందర్భమున ఒక సత్యమును గుర్తుంచుకొందము. మన రాజ్యాంగపు 25వ అధికరణము, శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యమునకు లోబడి, మతమును అవలంబించుటకును ప్రచారము చేయుటకును హక్కు ఇచ్చినది. 1977లో సుప్రీం కోర్టు దానిని వివరించుచు, తన మత సిద్ధాంతములను విప్పి చెప్పుట హక్కేగాని, మరొకరిని మతము మార్చుట హక్కు కాదని తీర్పు చెప్పినది. ఈ తీర్పును గూర్చి మనవారిలో వేరు వేరు అభిప్రాయములున్నవి. అయితే మన వేదాంతములో మనము ఎవరినైన మార్చగలమని ఎన్నడైన నేర్చుకొన్నామా? హృదయమును మార్చువాడు పరిశుద్ధాత్ముడే. మన పని చెప్పుట, ప్రేమించుట.

మరియు సువార్త విన్నవాడు ఏమి పోగొట్టుకొనునో తెలిసి చెప్పవలెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. మన రాష్ట్రములో అట్టివారిని వెనుకబడిన తరగతుల 'సి' గ్రూపులో చేర్చి ఒక్క శాతము ఇచ్చారు. దీని బాధ మన సంఘములలో ప్రతి ఇంటికి తెలియును. పిల్లవాని సర్టిఫికెట్టు దగ్గర ఒక తండ్రి తలవంచుకొని నిలబడినప్పుడు మేమును ప్రక్కన నిలబడియున్నాము. ఆ తండ్రిని తీర్పు తీర్చుట మాకు చేతకాదు. ఇది అన్యాయమని చెప్పవలసిన చోట చెప్పుచున్నాము. కాని దీనివలన ఒకటి స్పష్టము: లాభము చూపి పిలుచుటకు మనవద్ద ఏమియు లేదు. మనవద్ద ఉన్నది యేసుక్రీస్తు ఒక్కడే. ఆయన చాలునని మనము నమ్మనియెడల చెప్పకయే యుందము.

అయిదవది, నోటికంటె ముందు కాళ్ళు వెళ్ళవలెను. మా సంఘములో చదువురాని ఒక అవ్వ ఉన్నది. ఊరిలో కాన్పు అయిన ఇంటికి, చావు అయిన ఇంటికి, కులము అడుగక వెళ్లును. కట్టెలు పగులగొట్టును, పాలు పితుకును, బిడ్డను ఎత్తుకొనును. "ఎందుకవ్వా నీకింత శ్రమ?" అని ఎవరైన అడిగితే, "మా సామి నా కోసరం వచ్చినాడు నాయనా, నేను మీ కోసరం రాకపోతే ఎట్ల?" అనును. ఇంతియే ఆమె ప్రసంగము. మేము నలువది నిమిషములలో చెప్పునది ఆమె ఒక్క వాక్యములో చెప్పును. అయితే గమనించండి, ఆమె ఆ వాక్యమును చెప్పును! పని చేసి మౌనముగా ఉంటే ప్రజలు ఆమెను మెచ్చుకొందురు. ఆయన పేరు చెప్పుట వలననే ఆయనను ఎరుగుదురు. క్రియ లేని మాట డొల్ల. మాట లేని క్రియ చిరునామా లేని ఉత్తరము.

చివరిది, ఫలితమును దేవునికి విడువవలెను. ఒకడు నాటును, ఒకడు నీళ్ళు పోయును, పెంచువాడు దేవుడని పౌలు నేర్పినాడు. వినలేదని స్నేహము మానుకొనినయెడల, మనము ప్రేమించినది మనిషిని కాదు, లెక్కను. బాప్తిస్మము తీసికొననివాడు కూడ మన పొరుగువాడే. వాని ఇంట పెండ్లి మన సంతోషము, వాని ఇంట చావు మన దుఃఖము.

ముగింపు

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వేరు వేరు మిషనుల బిడ్డలు ఒక్క బల్ల చుట్టు చేరిరి. లోకము నమ్మునట్లు తన శిష్యులు ఏకమై యుండవలెనని ప్రభువు చేసిన ప్రార్థనయే దానికి ఆధారము. ఏకమగుట సాక్ష్యము కొరకే. మనము గుడిలో ఇద్దరు పెద్దల పక్షములుగా చీలి, ఊరికి సమాధాన సువార్త చెప్పబోతే ఊరు నవ్వదా? కనుక సువార్త పని మన ఇంటి నుండి, మన కమిటీ బల్ల నుండి మొదలుకావలెను.

మాదొక చిన్న మనవి. ఈ సంచిక మీ చేతికి వచ్చినప్పుడు ఫోటోలు చూచుకొని బీరువాలో పెట్టకండి. ఈ పుట చివరన ఒక్క పేరు పెన్సిలుతో వ్రాసికొనండి. మీరు ప్రతిదినము చూచుచు ఎన్నడును చెప్పని మనిషి పేరు. మీకు పాలు పోయు అక్క కావచ్చును, మీతో రైలులో ప్రయాణము చేయు తమ్ముడు కావచ్చును, మీ ఇంటిలోనే ఉన్న కొడుకు కావచ్చును. ఆ పేరుతో ప్రతి రాత్రి ప్రార్థించండి. వారి ఇంటికి పోయి కూర్చొనండి. వారు అడిగిన దినమున, మీకు తెలిసినంత, మీకు జరిగినంత, సూటిగా చెప్పండి. ఎక్కువ చెప్పనక్కరలేదు. తెలియనిది తెలియదని చెప్పినను తప్పులేదు.

మేము వ్రాసికొన్న పేరు మీకు తెలుసు. ఈ దినము కూటము ముగియగానే స్టేషను దారిన నడచి వెళ్ళెదము. టీ ఇచ్చును. చక్కెర తక్కువ వేయును. ఈసారి మైకు లేకుండ, ఊరికి కాక, అతనికి చెప్పెదము.

సువార్తకు కర్తయైన దేవుడు మన అందరి పెదవులను తెరచి, మన కాళ్ళను నడిపించును గాక. ఆమేన్.